మా వదిన ముందుగుడ్డ

విశ్వవిద్యాలయంలో మూడో అంతస్తు చివర ఒక గది ఉంది. దాని పేరు రాయడానికి తలుపు మీద రెండు వరుసలు పట్టింది. పర్యావరణం, పరిశోధన, ప్రజా విధానం, అనుసంధానం, ఇంకా ఏవేవో. ఆ పేరు పెట్టినవాళ్లకి ఊపిరితిత్తులు గట్టివి. అక్కడ జరిగే పని మాత్రం నేను ఒక్క ముక్కలో చెప్తాను. గాలి గురించి, నీళ్ల గురించి, మట్టి గురించి చదువుకున్నవాళ్లకి ఏదో తెలుస్తుంది. రూల్సు రాసేవాళ్లకి అది తెలియదు. తెలిసినదాన్ని మోసుకెళ్లి తెలియనివాళ్ల బల్ల మీద పెట్టడం, వాళ్లు చదివేదాకా అక్కడే నిలబడటం. అంతే. మేం దాన్ని కేంద్రం అంటాం.

నేను చదువుకున్నదాన్ని కాను. ఎనిమిదో తరగతిలో బడి వదిలేశాను. ఇరవై ఆరేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాను. గాలి మీద ఉన్న చట్టాన్ని మొదటినుంచి చివరిదాకా బస్టాండులో, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య, స్టీరింగు మీద ఆనించుకుని చదివాను. అర్థం కాని పేజీ మూడుసార్లు చదివాను. అప్పటికీ అర్థం కాకపోతే అది రాసినవాడి తప్పని తేల్చేశాను.

మా వీధి చివర సిమెంటు యార్డు ఉంది. సిమెంటు లారీల్లోకి ఎక్కుతుంది, ఆ లారీలు మా ఇళ్ల మధ్యనుంచి పోతాయి. వెనకవైపు ఇంకో రోడ్డుంది, దాని మీద ఇళ్లు లేవు. ఆ రోడ్డున పొమ్మని పదకొండేళ్లుగా అరుస్తున్నాను. గేటు ముందు అరిచాను, ఆఫీసుల్లో అరిచాను. ఒకసారి తప్పు ఆఫీసులోకి దూరి గంటసేపు అరిచాను, వాళ్లు పాపం టీ ఇచ్చి మరీ విన్నారు. వీధంతా నన్ను మైకు అంటుంది. కేంద్రంవాళ్లు మర్యాదస్తులు కాబట్టి మైకుగారూ అంటారు.

కేంద్రంలో నా పని బెల్లు కొట్టడం. అక్కడొక పద్ధతుంది. ఏ కాగితమైనా కమిటీ ముందుకు వెళ్లేలోపు ఒక గురువారం మధ్యాహ్నం బయటిమనిషి ముందు చదవాలి. ఎనిమిది నిమిషాలు. బయటిమనిషి ముందు ఒక చెక్కముక్క, దానికి బిగించిన సైకిలు బెల్లు ఉంటాయి. అర్థం కాని చోట కొట్టాలి. నమ్మబుద్ధి కాని చోట కూడా కొట్టాలి. కొట్టినచోట ఆగి, మళ్లీ చెప్పాలి. రెండేళ్లుగా ఆ కుర్చీ నాది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు నా బొటనవేలు కదిలితే తడబడతారు. ఒకాయనకి ఎనిమిది నిమిషాల్లో ముప్పై ఒక్కసార్లు కొట్టాను. ఆయన ఇప్పటికీ నా బస్సు వస్తే తర్వాతి బస్సు కోసం ఆగుతాడు.

ఈ పద్ధతి పెట్టింది కేంద్రం పెద్దాయన. ఇరవై ఏళ్లు ప్రభుత్వంలో కూర్చుని రూల్సు రాసి, వాటిని చదివేవాడు లేడని తెలుసుకుని ఇక్కడికొచ్చాడు. ఎనిమిది నిమిషాలు దాటి ఒక్క క్షణం కూడా ఇవ్వడు. అందుకని గడియారంగారు అంటాం.

ఆ గురువారం వంతు మాదే. మంగళవారం రవాణా కమిటీ విచారణ. యార్డు అనుమతి గడువు అయిపోయింది. గట్టి ఆధారంతో అభ్యంతరం చెప్పకపోతే మంగళవారమే ఇంకో పదేళ్లకి పొడిగిస్తారు, లారీలు అదే దారిన పోతాయి. పదేళ్లంటే నాకు అరవై మూడొస్తాయి.

కాగితం చదివేది డాక్టరమ్మ. ముప్పై రెండేళ్ల పిల్ల, దుమ్ము మీద డాక్టరేటు చేసింది. మొదటిసారి మా వదినకి డాక్టరని చెప్పి చూపిస్తే, వదిన ఠక్కున మోకాలు చూపించింది. "దుమ్ము డాక్టరే వదినా, మోకాళ్ల డాక్టరు కాదు" అంటే, "డాక్టరంటే డాక్టరే, నన్ను వెర్రిదాన్ని చెయ్యకు" అంది. ఆ పిల్ల కాదనలేక ఇంటికెళ్లి మోకాళ్ల గురించి చదువుకొచ్చి, రోజూ కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమని చెప్పింది. వదినకి నొప్పి తగ్గింది. ఇక ఆ పిల్లని ఎవరేమన్నా వదిన ఊరుకోదు.

అయిదు నెలల కింద డాక్టరమ్మ నా చేతికో చిన్న యంత్రం ఇచ్చింది. అరచేతి పెట్టె. లోపల చిన్న దీపం, ఎదురుగా చిన్న కన్ను. మధ్యలో గాలి పోతుంటే ఏం అడ్డొచ్చినా లెక్కపెడుతుంది. దాన్ని యార్డు పక్కనే మా అన్నయ్య, వదిన నడిపే లాండ్రీ పెరటిగోడకి నేనే బిగించాను. అక్కడ నిచ్చెన ఉంది, ఎవరైనా ఎత్తుకుపోకుండా చూసే మనుషులున్నారు. అంకెలు మొదట్లో నీరసంగా ఉన్నాయి. నాలుగో వారంనుంచి దూకాయి! ఉండాల్సిన హద్దు అరవై అయితే సగటు రెండువందల పది. నేను ఆ అంకెని అట్టల మీద రాయించి గేటు ముందు నిలబెట్టాను. బస్సు దిగేవాళ్లకి చెప్పాను. నిద్రలో కూడా అదే అంటున్నానని మా ఆయన అన్నాడు.

సరే, గురువారం. డాక్టరమ్మ చదువుతోంది. నాలుగో నిమిషంలో అంది, "అన్నిటికంటే ఎక్కువ ధూళి ఉదయం అయిదున్నర నుంచి ఆరున్నర మధ్య నమోదైంది."

నా బొటనవేలు బెల్లు మీదికి వెళ్లింది.

యార్డు గేటు తెరిచేది ఏడింటికి. పదకొండేళ్లు ఆ గేటుకి కాపలా కాసినదాన్ని, నాకు తెలియదా? అయిదున్నరకి ఆ వీధిలో కదిలేది ఒక్కటే. వదిన ఆవిరి ప్రెస్సు. దాని గొట్టం పెరటిగోడలోంచి బయటికొస్తుంది. గొట్టానికీ యంత్రానికీ మధ్య చెయ్యంత దూరం లేదు. నేను బిగించిన రోజున ప్రెస్సు పాడైపోయి ఉంది, విడిభాగం కోసం అన్నయ్య ఎదురుచూస్తున్నాడు. యంత్రంతో పాటు ఇచ్చిన కాగితం మీద 'దగ్గరలో ఆవిరి, పొగ, వంట ఉన్నాయా' అని అడిగితే 'లేవు' అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు అది నిజమే. మూడు వారాలకి విడిభాగం వచ్చింది, ప్రెస్సు లేచింది. నాలుగో వారంలో అంకె దూకింది. దూకితే నేను గంతులేశానే తప్ప ఎందుకని అడగలేదు.

ఇదంతా నాకు ఆ కుర్చీలో ఒక్క క్షణంలో తెలిసిపోయింది. బొటనవేలు కిందికి నొక్కితే చాలు.

నొక్కలేదు.

ఎనిమిది నిమిషాలూ అయిపోయాయి. డాక్టరమ్మ కాగితం దించి నన్ను చూసింది. "మైకుగారు ఒక్కసారి కూడా కొట్టలేదు! చూశారా సార్, రెండేళ్లలో మొదటిసారి!" గడియారంగారు కూడా నవ్వాడు. ఆ పిల్ల పరుగున వెళ్లి సొరుగులోంచి బిస్కెట్ల పొట్లం తెచ్చి మొదటిది నా చేతిలో పెట్టింది. ఆ బిస్కెట్టు ఎలా మింగానో నాకే తెలుసు.

శుక్రవారం తెల్లారగానే, డ్యూటీ ఎక్కేలోపు, లాండ్రీ పెరట్లోకి వెళ్లి యంత్రం ముందు నిలబడ్డాను. చిన్న అద్దంలో అంకె నలభై ఎనిమిది. లోపలనుంచి వదిన గొంతు వినిపించింది.

"ఎవరది? దొంగైతే కాస్త ఆగు, దుప్పట్లు ఇంకా తడిగా ఉన్నాయి."

"నేనే వదినా. ప్రెస్సు తిప్పు."

"పొద్దున్నే వచ్చి ఆర్డర్లేంటి? టీ తాగావా?"

"తిప్పు ముందు."

మీట లాగింది. గొట్టం బుస్సుమంది. అంకె తొంభై, నూట డెబ్బై, మూడువందల తొంభై. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి నా భుజం మీదనుంచి చూసింది. మీట వదిలేసి వచ్చిందిగా, కాసేపటికి అంకె మళ్లీ దిగింది. వదిన చదువు నా కంటే తక్కువ. బుర్ర మాత్రం కాదు.

"ఇదా నీ రెండొందల పది?"

"నోరు మూసుకో వదినా."

"నేను మూసుకుంటాలేమ్మా. నువ్వెప్పుడు మూసుకున్నావో చెప్పు. నీ మొహం చూస్తే నిన్ననే తెలిసినట్టుంది."

చెప్పాను. బెల్లు సంగతి కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, తడి దుప్పటి మడత విప్పుతూ మెల్లగా అంది, "మంగళవారం ఈ అంకెని ఆ పిల్ల అందరి ముందూ నిలబడి చదువుతుంది. యార్డు లాయరు లేచి, గేటు తెరిచేది ఏడింటికి కదమ్మా అంటాడు. ఆ పిల్ల తల తిప్పి నీ వంక చూస్తుంది. అప్పుడు నువ్వెటు చూస్తావ్?"

"లారీలు పోవాలి వదినా. ఏ అంకెతో పోతేనేం?"

"ఆ అంకెతో అవి పోవు. అదే చెప్తున్నా." నా చేతిలో టీ గ్లాసు పెట్టింది. "తాగేసి వెళ్లు. పదకొండేళ్లు అరిచిన గొంతు, నీ తప్పు చెప్పడానికి రాకుండా పోతుందా?"

మధ్యాహ్నం ట్రిప్పుల మధ్య దొరికిన నలభై నిమిషాల్లో మూడంతస్తులెక్కాను. డాక్టరమ్మ, గడియారంగారు ఇద్దరూ ఉన్నారు. నిలబడే చెప్పాను. ఎక్కడ బిగించాను, ఏం సంతకం పెట్టాను, గురువారం ఎప్పుడు తెలిసింది. బెల్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయానని అప్పుడే చూసుకున్నాను. తీసి బల్ల మీద పెట్టాను.

ఆ పిల్ల కోపమొస్తే అరవదు. నాకది చేతకాదు, అందుకే ఎక్కువ భయమేసింది. బెల్లు వైపు చూసి అడిగింది. "ఆ బెల్లు మీకెందుకిచ్చామనుకున్నారు?"

వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుని ప్రెస్సు నడిచే గంటలన్నీ కొట్టేసింది. ఉదయాలు మొత్తం పోయాయి. మిగిలిన మధ్యాహ్నాల సగటు డెబ్బై ఒకటి. హద్దు అరవై.

"హద్దు దాటిందిగా!" అన్నాను నేను.

"లారీలు ఎక్కువగా తిరిగేది ఉదయం. ఆ గంటలే లేవు" అంది నా వైపు చూడకుండా. "సగం రోజు లేని లెక్క ఇది."

గడియారంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "దీన్ని వాళ్ల లాయరు నమిలి ఉమ్మేస్తాడు. రేపు సాయంత్రంలోగా వేరే ఆధారం లేకపోతే కాగితం వెనక్కి తీసుకుంటాం. తప్పు లెక్కతో ఒకసారి వెళ్తే, ఆ తర్వాత ఈ గదినుంచి ఏం వెళ్లినా నమ్మరు." బెల్లుని నా వైపే జరిపాడు. "ఇది మంగళవారం దాకా మీ దగ్గరే ఉండనివ్వండి."

శిక్షో, దయో నాకు తెలియలేదు. సంచిలో వేసుకున్నాను.

శనివారం ఉదయం ఏడింటికి డాక్టరమ్మ యంత్రం విప్పుకుపోవడానికి లాండ్రీకి వచ్చింది. నాకు సెలవు కాబట్టి నిచ్చెన పట్టుకున్నాను. మరలు విప్పుతూ తనలో తను అనుకున్నట్టు అంది, "నేనొకసారి వచ్చి చూడాల్సింది. సంతకం చూసి ఊరుకున్నాను." తప్పులో సగం తనే ఎత్తుకుంటోంది. నాకు ఇంకా సిగ్గేసింది.

అప్పుడు వదిన పెరట్లోకి వచ్చింది. చేతిలో జానెడు తెల్లగుడ్డ. దండెం చివర ఒక్క క్లిప్పుతో తగిలించి లోపలికి పోబోయింది.

"అదేంటండీ, ఒక్కటే ఆరేశారు?" అంది డాక్టరమ్మ నిచ్చెన మీదనుంచి.

"ముందుగుడ్డ తల్లీ. హోటలువాళ్లకి దుప్పట్లు ఎండలోనే ఆరాలి, ఎండ వాసన కావాలంటారు. యాభై దుప్పట్లు ఆరేశాక దుమ్ము పడితే మళ్లీ ఉతకలేను కదా. అందుకని ముందు దీన్ని గంటసేపు పంపిస్తా. ఇది తెల్లగా తిరిగొస్తే అన్నీ బయట. మాసిపోయి వస్తే అన్నీ లోపల, డ్రయ్యరులో. మోకాలెలా ఉందని అడగవేం?"

"ఎలా ఉందండీ?"

"భేషుగ్గా ఉంది."

ఎనిమిదింటికి వదిన గుడ్డ తీసి వెలుతురుకి పట్టుకుంది, బొటనవేలితో ఒకసారి రాసింది, పెదవి విరిచింది. లోపలికెళ్లి గోడ క్యాలెండరులో ఆ రోజు గడిలో 'లో' అని రాసింది. దాని ముందు గడిలో 'లో', అంతకు ముందు 'బ'.

డాక్టరమ్మ నిచ్చెన ఎప్పుడు దిగిందో చూడలేదు. క్యాలెండరు ముందు నిలబడి ఉంది. "రోజూ రాస్తారా?"

"రాయకపోతే హోటలు మేనేజరు ఊరుకుంటాడా? డ్రయ్యరులో ఎందుకు వేశావని నెలాఖర్న గొడవ. ఇదిగో బాబూ, ఇన్ని రోజులు లోపల, ఇన్ని రోజులు బయట అని చూపిస్తా. ఏడేళ్లయింది."

"ఏడేళ్లు" అంది డాక్టరమ్మ. "పాత క్యాలెండర్లు?"

"అట్టలాంటి కాగితం ఎవరు పారేస్తారమ్మా? చొక్కాలు మడిచేటప్పుడు లోపల పెడతా, ముడత పడకుండా." ఇస్త్రీ బల్ల కింద చూపించింది. అక్కడ దొంతర ఉంది.

నెలకో కాగితం. ఏడేళ్లకి ఎనభై నాలుగుండాలి. నేల మీద పరుచుకుని లెక్కపెట్టాం. యాభై ఒకటున్నాయి. మిగతా ముప్పై మూడు నెలలు ఊళ్లో జనం చొక్కాల్లో ఉన్నాయి.

నేను పదకొండేళ్లు గేటు ముందు అరిచాను. మా వదిన ఇరవై అడుగుల దూరంలో రోజూ ఆ దుమ్ముని రాసి పెడుతోంది. ఒక్కనాడూ నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని అడిగితే, "నువ్వు అడిగావా? నీ దగ్గర మాట్లాడే సందెక్కడ దొరుకుతుంది?" అంది. డాక్టరమ్మ నవ్వేసింది. గురువారం తర్వాత అదే మొదటి నవ్వు.

ఆదివారం, సోమవారం నేను చేసిన పని మా డిపో మేనేజరుకి ఇప్పటికీ నచ్చలేదు. బస్సులో స్టాపుల పేర్లు చెప్పే మైకుంది కదా. ప్రతి స్టాపు పేరు తర్వాత ఇంకో ముక్క కలిపాను. "మా వీధి లాండ్రీలో చొక్కా ఇస్త్రీ చేయించుకున్నవాళ్లు బీరువా తెరిచి చూడండి. మడతలో పాత క్యాలెండరు కాగితం ఉంటే బస్సులో నాకివ్వండి. దుమ్ము తగ్గుతుంది."

సోమవారం సాయంత్రానికి పందొమ్మిది నెలలు బస్సెక్కాయి. బడి పంతులుగారు నాలుగు నెలలు తెచ్చాడు, ఆయన చొక్కాలన్నీ మడతల్లోనే ఉంటాయి. ఒకావిడ తెచ్చిన కాగితం వెనక మనవరాలు ఏనుగు బొమ్మ గీసింది, పని అయ్యాక తిరిగివ్వాలని షరతు పెట్టింది. ఒకాయన చొక్కాతో సహా ఇచ్చి, "ఎలాగూ బిగుతైపోయింది, ఉంచేసుకోండి" అన్నాడు.

డాక్టరమ్మ కేంద్రంలో బల్లలన్నీ కలిపి ఆ డెబ్బై నెలలూ పరిచింది. విశ్వవిద్యాలయం డాబా మీద గాలి ఎటువైపునుంచి వీస్తోందో రాసే యంత్రం ఒకటుంది. దాని ఏడేళ్ల లెక్క తీసి వదిన గడుల పక్కన పెట్టింది. గాలి యార్డు వైపునుంచి వీచిన ఉదయాల్లో, పదింటికి ఎనిమిది 'లో'. వేరే వైపునుంచి వీస్తే పదింటికి రెండు. మూడేళ్ల కింద యార్డులో పెద్ద తొట్టి కూలి నాలుగు నెలలు మూతపడింది. ఆ నాలుగు నెలల కాగితాలూ దొంతరలోనే దొరికాయి. 'బ', 'బ', 'బ', 'బ'. గాలి ఎటు వీచినా 'బ'. మొత్తం మీద మూడంటే మూడే 'లో'.

గడియారంగారు శనివారానికి పెట్టిన గడువు గురించి ఒక్క మాట అనలేదు. నాకు తెలిసి ఆయన గడువు మర్చిపోవడం అదొక్కసారే. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు. "దీన్ని ఆ అమ్మే చదవాలి. 'నీకెలా తెలుసు' అని అడిగితే, 'నేనే చూశాను' అనగలిగేది ఆవిడొక్కరే." తర్వాత నా వైపు తిరిగాడు. "ఆవిడ కంటే ముందు మీరు మాట్లాడాలి."

ఎందుకో నేను అడగలేదు. రెండువందల పది ఊరంతా అరిచింది నేనేగా.

మంగళవారం కమిటీ హాలు. పొడుగు బల్ల వెనక అయిదుగురు, మధ్యలో అధ్యక్షురాలు. ఇటు మేం నలుగురం, అటు యార్డు లాయరు, తెల్లచొక్కాలో, నవ్వు మొహంతో. ఆయన చేతిలో నేను రాయించిన అట్ట ఫోటో ఉంది. దాని కోసమే సిద్ధపడి వచ్చాడు.

నేను లేచాను. ఆ హాల్లో ఎన్నోసార్లు అరిచాను, నన్ను రెండుసార్లు బయటికి పంపించారు కూడా. ఆ రోజు గొంతు పెగల్లేదు. వదిన నా వెనకనుంచి నడుము మీద గట్టిగా పొడిచింది.

"నేను ఊరంతా చెప్పిన రెండువందల పది తప్పు" అన్నాను. "యంత్రాన్ని ఆవిరి గొట్టం పక్కన పెట్టాను. ఆవిరిని దుమ్మని లెక్కపెట్టింది. కేంద్రంవాళ్ల తప్పు కాదు, నాది. తెలిసి కూడా ఒకరోజు చెప్పలేదు. ఆ అంకె కొట్టేయండి."

అధ్యక్షురాలు కళ్లజోడు పైనుంచి చూసింది. "మీరేనా మాట్లాడేది?" అంది. అవునండీ, నేనే, అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. లాయరు చేతిలో ఫోటో ఉత్త కాగితమైంది. దాన్ని మెల్లగా బల్ల కిందికి దించాడు.

వదిన లేచి, తను ముందుగుడ్డ ఎందుకు ఆరేస్తుందో, క్యాలెండరులో ఏం రాస్తుందో చెప్పింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. గాలి సంగతి డాక్టరమ్మ రెండు నిమిషాల్లో చెప్పింది. కాగితాలు ఒకరి చేతినుంచి ఒకరికి వెళ్లాయి. ఏనుగు బొమ్మ దగ్గర ఒక సభ్యుడు ఆగిపోయాడు.

లాయరు లేచాడు. "అధ్యక్షా, సదరు నమోదులు ఏ ప్రామాణిక ధ్రువీకరణ ప్రక్రియకూ లోబడనివి, వ్యక్తినిష్ఠ దృశ్య పరిశీలన మాత్రమే ఆధారంగా గల, అసమగ్ర కాలశ్రేణికి చెందిన..."

ట్రింగ్!

ఒట్టేసి చెప్తున్నాను, కావాలని కాదు. సంచి ఒళ్లో ఉంది, చెయ్యి సంచిలో ఉంది, రెండేళ్లుగా అలాంటి మాటలు వింటే బొటనవేలికి తెలిసింది ఒక్కటే.

"ఏమిటది?" అంది అధ్యక్షురాలు.

గడియారంగారు లేచి నిలబడి, ఎంతో వినయంగా, "అర్థం కాలేదని అర్థమండీ" అన్నాడు.

అధ్యక్షురాలు లాయరు వైపు తిరిగింది. "నాకూ కాలేదు" అంది. "మళ్లీ చెప్పండి."

హాలంతా నవ్వింది. లాయరు కూడా నవ్వాడు, మంచివాడే. "సరే. గుడ్డ మాసిందని ఈవిడ కళ్లతో చూసి చెప్తున్నారు. కళ్లతో చూస్తే ఎలా నమ్మడం?"

వదిన ఆయన్ని తేరిపార చూస్తోంది. మొహాన్ని కాదు, చొక్కాని.

"బాబూ, ఆ చొక్కా రెండో గుండీ కొత్తది కదూ? పాతది ఊడిపోతే నేనే కుట్టా. అసలు గుండీ కంటే ఒక పిసరు పసుపు. స్టేషను దగ్గర దుకాణంలో ఇస్తారు కదా మీరు? అక్కడినుంచి నాకే వస్తాయి. మనుషులు గుర్తుండరు నాకు, చొక్కాలు గుర్తుంటాయి."

లాయరు తల దించి గుండీ చూసుకున్నాడు. బల్ల వెనక అయిదుగురూ మెడలు చాచి చూశారు. గుండీ మీద ఆ పిసరు పసుపు నాకైతే కనిపించలేదు. దగ్గరనుంచి చూసిన ఆయనకి కనిపించింది కాబోలు, మెల్లగా కూర్చున్నాడు.

"తెలుపులో తేడా నాకు తెలుస్తుందండీ" అంది వదిన అధ్యక్షురాలితో. "ఇంకేం తెలియదు." మళ్లీ ఇటు తిరిగి, "అవునూ, ఆ చొక్కాలో కాగితం పెట్టా, పారేశారా?"

రెండు వారాలకి నిర్ణయం వచ్చింది. పదేళ్లు ఇవ్వలేదు. ఒక్క ఏడాది. ఈ ఏడాదంతా లారీలు వెనక రోడ్డునే పోవాలి, పైన పరదా కట్టాలి. ఏడాది తర్వాత డాక్టరమ్మ యంత్రం, వదిన ముందుగుడ్డ, రెండింటి లెక్కా చూసి మిగతాది తేలుస్తారు. నేను పూర్తిగా మూసేయమని అడిగినదాన్ని కాను, అయినా ఏడాదేంటని కాసేపు అరిచాను. అలవాటు. వీధిలో లారీ లేదు. మొదటి రోజు ఆ నిశ్శబ్దానికి మా ఆయన నిద్రలేచి, ఏమైందని అడిగాడు.

యంత్రాన్ని డాక్టరమ్మ తనే వచ్చి, వీధివైపు గోడకి, గొట్టానికి దూరంగా బిగించింది. ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి ఫోను చేస్తుంది. హలో అనదు. "లోపలా, బయటా?" అంటుంది. వదిన చెప్పాక, మోకాలి సంగతి అడుగుతుంది. అది అడగకుండా ఫోను పెట్టేస్తే వదిన వెంటనే తిరిగి చేస్తుంది.

ఒకరోజు లాండ్రీకి ఒక కవరు వచ్చింది. లోపల ఉత్తరం లేదు. రెండేళ్ల కిందటి జూలై నెల కాగితం, నాలుగు మడతలు పెట్టి ఉంది. కవరు మీద లాయరు ఆఫీసు ముద్ర. డెబ్బై ఒకటో నెల.

నిర్ణయం వచ్చాక మొదటి గురువారం నేను బెల్లు తిరిగిద్దామనే కేంద్రానికి వెళ్లాను. చెక్కముక్కని తుడిచి, సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, బెల్లుని నా కుర్చీ ముందు సరిగ్గా దాని చోటికి జరిపింది.

"ఈసారి కొట్టకపోతే చంపేస్తాను" అంది.

రెండేళ్లలో ఆ పిల్ల నన్ను గారూ అనకుండా మాట్లాడటం అదే మొదలు. నాకు కళ్లు చెమర్చాయి, దుమ్మనుకోమన్నాను.

నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది, దాని ముందు ఇంకో బెల్లు. గడియారంగారు తనే చెక్కకి బిగించాడట, కాస్త వంకరగా ఉంది. వదిన పనిబట్టల్లోనే వచ్చి కూర్చుంది. ఆ రోజు వంతు మురుగుకాలవల మీద పరిశోధన చేసే ఒక కొత్త ప్రొఫెసరుది. ఆయన గొంతు సవరించుకుని, కాగితం ఎత్తి, "అందరికీ నమస్కారం" అన్నాడు.

ట్రింగ్!

"ఏంటి వదినా, ఇంకా ఏం చెప్పలేదుగా ఆయన!"

"అర్థం కాకపోతే కొట్టమన్నారుగా? కాలవల గురించి చెప్పేమనిషి తెల్లచొక్కా వేసుకొచ్చాడెందుకు? కాలవలోకి దిగి చూశాడా లేదా, అది ముందు చెప్పమను."

ప్రొఫెసరు తన చొక్కా వైపు చూసుకున్నాడు. గడియారంగారు చేతిగడియారం వైపు చూసి, అప్పటికే ఒక నిమిషం పోయినా, మళ్లీ మొదటినుంచి ఎనిమిది నిమిషాలూ ఇచ్చాడు.